మెత్తగా ఉంటుందని మెచ్చుకున్న ఆ జెల్ ప్యాకే

2018 వేసవిలో పర్లాకిమిడిలో మా వీధి చివరి మందుల షాపులో కొన్న జెల్ ప్యాక్ ఇది, అంటే ఫ్రీజర్లో చల్లబరిచి దెబ్బ మీద పెట్టుకునే జెల్ సంచి, ఇప్పటికీ మా ఫ్రీజర్లోనే ఉంది. దెబ్బ తగిలితే చల్లగా ఏదైనా పెట్టాలని అందరికీ తెలిసిందే, అది వదిలేస్తాను. నాకు దీంట్లో నచ్చింది ఒక్కటే, ఫ్రీజర్లోంచి తీసినా గట్టిపడదు. మావాడికి క్రికెట్ బంతి తగిలి కాలు కమిలినప్పుడల్లా ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పెడితే ఎముక మీద గుచ్చుకుంటున్నాయని ఏడ్చేవాడు, పక్కంతా నీళ్లయ్యేది. ఇదైతే కాలికి అతుక్కుపోయినట్టు చుట్టుకుంటుంది. పాతపట్నంలో మా చెల్లెలితో సహా ఎంతమందితో కొనిపించానో.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. మా అత్తయ్య గుండెకి స్టెంటు వేశాక రక్తం పలచబడే మందులు వాడుతున్నారు, తలుపు తగిలినా చెయ్యి నల్లగా కమిలిపోతుంది. ఒకరోజు స్నానాల గదిలో జారి ముంజేయి గోడకి కొట్టుకుంది. ఆవిడ నూనె రాసి తోముకుంటానంటే, తోమితే లోపల చిట్లిన సన్న నాళాల్లోంచి నెత్తురు ఇంకా కారుతుందని ఆపి, ఈ ప్యాక్ తీసి నేరుగా చర్మం మీద పెట్టేశాను. మెత్తగానే ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. "హాయిగా ఉందమ్మా" అంటూ ఆవిడ నిద్రపోయారు, నేను వంట పనిలో పడి మరిచిపోయాను. ముప్పావుగంటకి తీసి చూస్తే చర్మం తెల్లగా పాలిపోయి ఉంది, రాత్రికి బొబ్బలు లేచాయి. కమిలింది రెండు వారాల్లో పోయింది, నా వల్ల అయిన పుండు మానడానికి నెల పైనే పట్టింది. ఆ మచ్చ కనబడినప్పుడల్లా ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

కరిగే ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఫ్రీజర్లో మైనస్ 18 దాకా దిగిన జెల్ అంతకంటే చాలా చల్లన. మెత్తగా ఉండేసరికి ఆ సంగతి మనకి తట్టదు. ఇప్పుడు గుడ్డ చుట్టి, గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు పెడతాను, గంటో రెండు గంటలో ఆగి మళ్లీ. అదీ మొదటి రెండు రోజులే, ఆ తర్వాత గోరువెచ్చని కాపడం. అయిదారు రోజులకి ఆకుపచ్చగా, పసుపుగా తిరిగితే టెన్షన్ పడకండి, పేరుకున్న నెత్తురుకి ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్ విరిగి ఆకుపచ్చటి బిలివర్డిన్‌గా, పసుపుపచ్చటి బిలిరుబిన్‌గా మారుతోందన్నమాట, మానుతున్నట్టే లెక్క. రెండు వారాలు దాటినా పోకపోయినా, దెబ్బ లేకుండానే కమిలిపోతున్నా డాక్టరుకి చూపించాలి. అత్తయ్య లాంటి మందులు వాడేవాళ్లకి తలకి తగిలితే మాత్రం పైకి ఏమీ కనబడకపోయినా వెంటనే ఆసుపత్రికే.

కొనమంటారా అంటే, ఆడుకునే పిల్లలున్న ఇంటికి బాగానే ఉంటుంది. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ తెలియనివాళ్లకి నేనైతే ఇవ్వను. కరెంటు లేకపోతే ఇదీ లేదు, ఇది కొన్న ఏడాదే అక్టోబరులో తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు బావి నీళ్లలో తడిపిన తువ్వాలే మాకు పనికొచ్చింది. ఈమధ్య పాత నూలు చీర రెండు మడతలు వేసి దీనికో సంచి కుట్టాను. ఇప్పుడు ఫ్రీజర్లో సంచితోనే ఉంటోంది.