రివ్యూ సైట్‌కు డబ్బు కట్టడమా, ఉచిత మ్యాప్‌లో పేరు నిలబెట్టుకోవడమా: విశాఖలో చిన్న షాపుకు ఏది మేలు?

మార్చి వచ్చిందంటే విశాఖలో ఏసీ మెకానిక్కులకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ‘కూలింగ్ రావట్లేదు, ఎప్పుడొస్తారు?’ అని ఇంటివాళ్లది ఒకటి. ‘సార్, మా సైట్‌లో మీ షాపును మొదటి వరుసలో చూపిస్తాం, ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు’ అని టెలికాలర్‌ది రెండోది. ఎంవీపీ కాలనీలో పదకొండేళ్లుగా ఏసీ సర్వీసు నడుపుతున్నాను. ఆ రెండో ఫోన్‌కు ఒక ఏడాది సరేనన్నాను. అక్కయ్యపాలెంలో టైలరింగ్, మగ్గం వర్క్ చేసే మా చెల్లి ఏనాడూ అననే లేదు. గాజువాక ఆటోనగర్‌లో ప్యాకర్స్ అండ్ మూవర్స్ నడిపే మా బావ అని బాగుపడ్డాడు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో మూడు రకాలుగా ఎందుకైందో లెక్క తీశాను.

ముందు ఏం కొంటున్నామో తెలుసుకోవాలి. జస్ట్‌డయల్ లాంటి లిస్టింగ్ సైట్‌లలో షాపు పేరు ఊరికే పెట్టుకోవచ్చు. డబ్బు కడితే పేరు పైకి వస్తుంది, ఎంక్వయిరీలు ఎక్కువగా వస్తాయి. 1996లో ఫోన్ చేసి అడిగితే నంబరు చెప్పే సేవగా మొదలైన జస్ట్‌డయల్ ఇప్పుడు యాప్‌గా ఉన్నా, అమ్మే సరుకు మారలేదు: వెతికేవాడి కంట్లో ముందు పడే చోటు. గూగుల్ మ్యాప్‌లో మన షాపు ప్రొఫైల్‌కు ఆ ధర లేదు. వెతికిన పనికి మన పని ఎంత సరిపోతుంది, ఎంత దగ్గరలో ఉన్నాం, ఎంత పేరుంది అనే మూడే చూస్తామని, ఆ వరుసలో ముందుకు రావడానికి డబ్బు తీసుకోమని గూగుల్ చెబుతుంది. ప్రకటనలు కావాలంటే వేరే కొనాలి, వాటి మీద ప్రకటన అనే గుర్తు ఉంటుంది.

ఏ సైట్‌కు కట్టినా కొనేది చోటునే, రివ్యూల్లో జనం ఇచ్చే నక్షత్రాలను కాదు. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల మీద హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 2011లో ఒక పరిశోధన వచ్చింది. యెల్ప్ అనే అక్కడి రివ్యూ సైట్‌లో ఒక నక్షత్రం పెరిగితే అమ్మకాలు 5 నుంచి 9 శాతం పెరిగాయని తేలింది. ఆ ఫలితం సొంతంగా నడిచే హోటళ్లకే కనిపించింది, ఊరూరా శాఖలున్న పెద్ద చైన్ హోటళ్లకు కాదు. మన ఊరికీ ఇది వర్తిస్తుందనే నా నమ్మకం. పెద్ద బ్రాండ్‌ను జనం బోర్డు చూసి నమ్ముతారు, నన్ను నమ్మాలంటే ఇంతకుముందు పని చేయించుకున్నవాళ్ల మాట కావాలి. మూడు నక్షత్రాలున్న షాపును డబ్బు కట్టి పైకి తెస్తే ఆ మూడు నక్షత్రాలే ఇంకా ఎక్కువమందికి కనిపిస్తాయి.

ఇక నా లెక్క. ప్యాకేజీ నెలకు 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,540. నాలాగా జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసమున్న కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు, అసలు రిజిస్ట్రేషనే లేనివాళ్లకు ఆ జీఎస్టీ వెనక్కి రాదు. ఒక జనరల్ సర్వీసుకు కుర్రాడి కూలీ, పెట్రోలు పోను నాకు మిగిలేది 250. అంటే నెలకు 15 పనులు వస్తేనే కట్టిన డబ్బు చేతికొస్తుంది. నాకు అయిదు ఫోన్లకు ఒక పని కుదిరింది. 15 పనులకు 75 ఫోన్లు కావాలి.

ఏప్రిల్, మే నెలల్లో 15 దాటాను. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఏ నెలా ఆరు దాటలేదు. డైరీ తిరగేస్తే ఇంకోటి తెలిసింది. ఏప్రిల్, మేలో సైట్ లేకపోయినా నాకు చేతినిండా పనే, పాత ఇళ్లవాళ్లకే ‘రెండు రోజులు ఆగండి’ అని చెప్పుకొన్న నెలలవి. ప్రకటన పనిచేసిన కాలంలో నాకు దాని అవసరం లేదు, అవసరమైన కాలంలో అది పనిచేయలేదు.

ఇంకో చిక్కు దూరం. ఎంవీపీ నుంచి కూర్మన్నపాలెం వెళ్లి రావడానికి సగం పూట పోతుంది, ఫోన్లేమో అక్కడి నుంచీ పెందుర్తి నుంచీ వచ్చేవి. పైగా ఒకే ఎంక్వయిరీ ఒకేసారి నలుగురైదుగురు మెకానిక్కులకు వెళ్తుంది. నేను నిచ్చెన దిగి చేతులు తుడుచుకుని ఫోన్ చేసేసరికి ఇంకొకరితో మాటైపోయి ఉండేది. ఫోన్ ఎత్తడానికే షాపులో ఒక మనిషి ఉంటే తప్ప ఈ దారిలో దిగకూడదని అప్పుడు తెలిసింది.

డబ్బు ఆపడం కూడా తేలిక కాలేదు. నెలనెలా నా ఖాతా నుంచి డబ్బు దానంతటదే పోయేలా అనుమతించే ఆటో డెబిట్ మ్యాండేట్ మీద సంతకం పెట్టాను. మానేస్తానని సైట్‌వాళ్లకు రెండుసార్లు చెప్పాక కూడా డబ్బు పోయింది, చివరికి బ్యాంకుకు వెళ్లి మ్యాండేట్ రద్దు చేయమని రాసిచ్చాను. ఆ హక్కు మనకుంది, మొహమాటపడక్కర్లేదు. కార్డు మీద పెట్టిన ఆటో డెబిట్ అయితే కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలన్న ఆర్‌బీఐ నియమం 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది.

బావ సంగతి వేరు. ఒక ఇంటి సామాను తరలిస్తే ఖర్చులు పోను 4,000 దాకా మిగులుతుంది, నెలకు ఒక్క పని దొరికితే కట్టింది వచ్చేసినట్టే. అతని కస్టమర్లు నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు, మధురవాడ వైపు కంపెనీల కుర్రాళ్లు. ‘రెండు మూడేళ్లుండి పోయేవాళ్లు రా వాళ్లు. పక్కింటోళ్లని అడుగుదామన్నా పక్కింటోళ్లూ కొత్తోళ్లే. ఫోన్లో వెతక్క ఏం చేస్తారు?’ అంటాడు. ఆఫీసులో మా అక్క కూర్చుని రెండో రింగులోనే ఎత్తుతుంది. బదిలీలన్నీ పిల్లల పరీక్షలయ్యాకే కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ వరకే కడతాడు.

చెల్లికి ఇవేవీ కుదరవు. జాకెట్టు కుట్టించుకోవడానికి ఎవరూ గోపాలపట్నం నుంచి అక్కయ్యపాలెం రారు, ఒకసారి కొలత కుదిరితే పదేళ్లు వదలరు. తను చేసిందల్లా షాపు పక్క సందులోకి మారినప్పుడు మ్యాప్‌లో గుర్తును సరైన గుమ్మం మీదికి జరపడం, వారానికి రెండు మగ్గం వర్క్ ఫొటోలు పెట్టడం, జాకెట్టు వేసి చూసుకుని నచ్చిందన్నవాళ్లను ‘అక్కా, ఆ మాటే గూగుల్‌లో రాయండి’ అని అడగడం. శ్రావణమాసానికి కొత్త ముఖాలు వాటంతటవే వస్తున్నాయి. టిఫిన్ సెంటర్లదీ ఇదే కోవ, ఇడ్లీ కోసం ఊరు దాటి ఎవరూ రారు.

రాయమని అడగడం వరకే మన హద్దు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తాననడాన్ని గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. ఆన్‌లైన్ రివ్యూల కోసమే 2022లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, ‘ఐఎస్ 19000’ అనే ప్రమాణం తెచ్చింది. వంద రివ్యూలు ఇంతకు అని అమ్మేవాళ్లు నాకూ ఫోన్ చేశారు. కష్టపడి పనిచేసే ఏ మెకానిక్కూ ఆ తప్పు చేయకూడదు.

ఏ దారి పట్టినా సైట్‌కు వేరే సిమ్ నంబరు ఇవ్వండి. అప్పుడు ఏ ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోనక్కర్లేదు. నాకు ఆ డైరీ ఉండబట్టే ఈ మాత్రం తేలింది.

ఇప్పుడు నేను పైసా కట్టడం లేదు. సముద్రం పక్క ఇళ్లలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ రేకులను ఎలా తినేస్తుందో, కడిగాక అవి ఎలా ఉంటాయో మ్యాప్‌లో ఫొటోలు పెడుతున్నాను. లాసన్స్ బే, పెదవాల్తేరు నుంచి వచ్చే ఫోన్లలో చాలామంది ఆ ఫొటో మాటే ఎత్తుతారు, నా బండికి పది నిమిషాల దూరం. వానాకాలంలో పని తగ్గినప్పుడు ఎంవీపీ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల దగ్గర కార్డులిచ్చి వస్తాను. బావ మాత్రం ఈ ఏప్రిల్‌లో మళ్లీ కడుతున్నాడు, మూడు నెలలకే, మ్యాండేట్ లేకుండా నెలనెలా తనే యూపీఐలో పంపేలా మాట్లాడుకుని.