ఈత రానివారికి ఏది మేలు: పలకా, డబ్బానా, ట్యూబా, లైఫ్ జాకెట్టా?

నాకు ఈత రాదు. పుట్టింది గోదావరి పాయల మధ్య ఒక లంకలో, పెళ్లయి వచ్చింది ఇంకో లంకకి. టీచరుగా 22 ఏళ్లుగా బడికి రేవు దాటే వెళ్తున్నాను. అయినా రాదు. మా చిన్నప్పుడు మగపిల్లలు కాలువలో దూకి నేర్చుకుంటుంటే మేము గట్టు మీద వాళ్ల బట్టలకి కాపలా కూర్చునేవాళ్లం. కోనసీమలో నా వయసు ఆడవాళ్లు చాలామంది ఇలాగే పెరిగారు. అందుకే మొన్న వేసవిలో తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక ఫోమ్ పలక తెచ్చి, "అక్కా, దీన్ని పట్టుకుంటే ఈత రానివాళ్లు కూడా నీళ్లలో ముందుకి వెళ్లిపోవచ్చు" అన్నప్పుడు నాకు ఆశ పుట్టింది. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి మా ఊరి చెరువే దిక్కు. సెలవులన్నాళ్లూ పొద్దున్నే తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని ఆ పలకనీ, మా ఇళ్లల్లో దొరికే మిగతావాటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని చూశాను.

ముందు ఒక లెక్క చెప్పాలి. నీళ్లలో మన ఒళ్లు దాదాపు బరువు లేనట్టే ఉంటుంది. 60 కిలోల మనిషికైనా తల నీటి పైన నిలవడానికి సాధారణంగా 3 నుంచి 5 కిలోల ఆసరా ఉంటే చాలు. ఇక తేలే వస్తువు సంగతి. అది ఎన్ని లీటర్ల చోటు పడుతుందో చూసి, అందులోంచి దాని సొంత బరువు తీసేస్తే మిగిలినన్ని కిలోలు మోస్తుంది. మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా దాదాపు 5 కిలోలు మోస్తుందన్నమాట. 45 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు, మూడున్నర మందం ఉన్న మా తమ్ముడి పలక 4 కిలోల పైచిలుకు మోస్తుంది. లెక్కలో రెండూ సరిపోతాయి. నీళ్లలోకి దిగాకే అసలు తేడా తెలిసింది.

మొదటిరోజు పలక మీద మోచేతులు ఆనించి, ఒళ్లంతా దాని మీదికి ఎక్కించబోయాను. తడి సబ్బులా జారిపోయి, నా వెనక ఎక్కడో పైకి ఎగిరి తేలింది. తమ్ముడు భుజం పట్టుకోకపోతే నీళ్లు తాగేదాన్నే. తప్పు పలకది కాదు. నీళ్లలో ఉన్న ఒంటికి బరువు లేదు గానీ, నీటి పైకి లేపిన తలకీ భుజాలకీ పూర్తి బరువు ఉంటుంది. భయంతో పైకి లేవాలని చూసే కొద్దీ 4 కిలోలు మోసే పలక మీద పదీ పదిహేను కిలోలు పెడుతున్నాం. ఈత రానివాళ్లు చేసేది సరిగ్గా ఇదే. చేతులు చాచి, పలక అంచులు పట్టుకుని, గడ్డం నీళ్లలోనే ఉంచి, తుంటి దగ్గర నుంచి కాళ్లు ఆడిస్తే అదే పలక చక్కగా ముందుకి వెళ్తుంది. "గడ్డం దించక్కా, గడ్డం దించు" అని తమ్ముడు రోజుకి ఎన్నిసార్లు అన్నాడో! పదకొండో రోజున చెరువు ఈ మెట్ల నుంచి ఆ మెట్ల దాకా వెళ్లాను. 49 ఏళ్ల వయసులో, నా కాళ్లతో నేను. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను.

కాబట్టి నేర్చుకోవడానికైతే నా ఓటు పలకకే. నేను పట్టుకుని చూసినవాటిలో కాళ్లకి పని నేర్పింది అదొక్కటే. కానీ చాలా పలకల మీద ఇది ప్రాణరక్షణ పరికరం కాదని చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. ఆ మాట చదవండి. చెయ్యి వదిలితే అది లేనట్టే. మణికట్టుకి పట్టీ ఉన్నది కొంటే కనీసం దూరంగా కొట్టుకుపోదు. కొనేవాళ్లకి ఇంకో మాట: థర్మాకోల్‌తో చేసినవి వద్దు. మా వైపు రొయ్యల పెట్టెల మూతలు పట్టుకుని పిల్లలు చెరువులో దిగడం చూస్తూనే ఉంటాను. అవి చక్కగానే తేలతాయి, కానీ కుర్రాడి బరువు ఒక పక్కన పడితే అప్పడంలా విరుగుతాయి. చేతిలో ముక్క మాత్రం మిగులుతుంది.

మన పెద్దవాళ్లకి ఈ పలక తెలియదు గానీ తేలడం తెలుసు. మా మేనమామ ఈత నేర్చుకున్నది రెండు ఎండు కొబ్బరికాయలతో. పీచు ఒలవని, లోపల నీరు ఇంకిపోయిన కాయలు రెండు తెచ్చి, మధ్యలో జానెడు తాడు వదిలి ముడేసి, ఆ తాడు రొమ్ము కిందకి వచ్చేలా పడుకుంటారు. రెండు చంకల పక్కనా రెండు కాయలు. అటక మీద నుంచి రెండు కాయలు దింపి నేనూ చూశాను. పలకతో పోలిస్తే నిదానం, కానీ చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఇది చాలా పెద్ద సంగతి. ఎండిన ఆనపబుర్రా, నడుముకి కట్టే బెండ్లూ కూడా ఇదే పద్ధతి. ఇప్పుడు అంత గట్టి బుర్ర కోసం తీగ మీదే కాయని ముదరనిచ్చే ఓపిక ఎవరికుంది? అరటి బోదె బాగా తేలుతుంది, ఒంటిగా పట్టుకుంటే మాత్రం దొర్లిపోతుంది. రెండు మూడు బోదెలకి వెదురు పుల్లలు గుచ్చి తెప్ప చేస్తేనే నమ్మకం. కర అంటిన చీర ఇక పనికిరాదు. బోర్లించిన బిందె సంగతి అమ్మమ్మల కాలం నుంచి విన్నదే. నిటారుగా ఉన్నంతసేపూ లోపలి గాలి మోస్తుంది, కాస్త ఒరిగిందా బుడుంగున గాలి పోయి బిందె అడుక్కి వెళ్తుంది. భయంలో ఉన్న మనిషి చేతిలో బిందె నిటారుగా ఉండదు.

డబ్బాలు నన్ను ఆశ్చర్యపరిచాయి. 20 లీటర్ల వాటర్ క్యాన్ 19 కిలోల దాకా మోస్తుంది. గుండెకి హత్తుకుంటే దానంతట అదే నన్ను వెల్లకిలా తిప్పింది, ముఖం ఆకాశం వైపు. అలా ఎంతసేపైనా ఉండొచ్చనిపించింది. అయితే ఆ క్యాన్ల మూతలు చాలావరకు నొక్కి పెట్టేవే. నాలుగోసారికి మూత ఊడి, క్యాన్ గుటగుటా నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మర మూత ఉన్న 5 లీటర్ల నూనె డబ్బాలు రెండు, పిడులకి తాడు కట్టి కొబ్బరికాయల్లాగే చంకల కింద పెట్టుకుంటే నా లెక్కలో అది మేలు. పైసా ఖర్చు లేదు. పట్టుకోవడానికి పిడి ఉంటుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

లారీ ట్యూబు గురించి ఎక్కువ చెప్పను. మా రోజుల్లో అదే రాజు. ఇప్పుడు చాలా బండ్లకి ట్యూబు లేని టైర్లు రావడంతో ట్రాక్టరు ట్యూబులే దొరుకుతున్నాయి. మోసే బలానికి కొదవ లేదు. కానీ పిల్లలు మధ్యలోంచి జారిపోతారు, కూర్చుంటే తిరగబడుతుంది, గాలి వాటానికి లోపలికి కొట్టుకుపోతుంది, వాల్వు గీసుకుంటుంది. గుర్రపుడెక్క నిండిన కాలువలో దానితో ఇరుక్కుంటే ముందుకీ రాలేరు, వెనక్కీ రాలేరు.

ఇదంతా చెరువు మాట. గోదావరి చెరువు కాదు. నా పలక గర్వం మా రేవులో పడవ నడిపే బాబాయి దగ్గర చెప్పుకుంటే ఆయన నవ్వలేదు. "టీచరుగారూ, ఏట్లో మనిషి చెయ్యి ఎంతసేపు పడుతుందండీ? నీళ్లు అలిసిపోవు కదండీ" అన్నాడు. నర్సాపురం, సఖినేటిపల్లి రేవు కింద నుంచి అంతర్వేది దాకా పోటూ పాటూ కూడా ఉంటాయి. ఒక పూట అటు లాగిన నీరు ఇంకో పూటకి ఇటు లాగుతుంది. బురద చేతులకి ఫోమ్ జారుతుంది. కాళ్లాడిస్తే ముందుకెళ్లే వేగం కన్నా వరద నీటి వేగమే ఎక్కువ. ఇక లాకుల కింద, తూముల కింద, ఆనకట్ట దిగువన తెల్లగా నురగ కక్కే నీటి సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పాలి. ఆ నీళ్లలో సగం గాలే. అందుకే అక్కడ ఏ వస్తువూ మామూలుగా మోసినంత మోయదు. పడ్డ నీరు మళ్లీ వెనక్కి తిరిగి మనిషిని గోడ వైపే లాగుతుంది. అక్కడ పలక పనికిరాదు, డబ్బా పనికిరాదు, లైఫ్ జాకెట్ వేసుకున్నా నమ్మకం లేదు. అక్కడికి వెళ్లకపోవడమే.

రేవు దాటడానికి అయితే నా మనసులో పోటీయే లేదు. ఒంటికి కట్టుకునేదే మేలు, చేతితో పట్టుకునేది కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి వెళ్లిన పడవ కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు మా ఇళ్లల్లో వారం రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. అయినా ఆ తర్వాత కూడా నేను ఎక్కిన ఒక పడవలో లైఫ్ జాకెట్లన్నీ మూట కట్టి బల్ల కింద తోసి ఉన్నాయి. మునిగే పడవలో ఎవరు ఆ ముడి విప్పుతారు? ఆ రోజే నా జాకెట్ నేనే కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను.

కొనేటప్పుడు లేబుల్ మీద న్యూటన్ల అంకె చూడండి. 10 న్యూటన్లంటే దాదాపు ఒక కిలో ఆసరా. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర వాడుకునేది. స్పృహ తప్పితే ముఖాన్ని పైకి తిప్పదు. ఈత రాని నాబోటివాళ్లకి 100 కావాలి. అది మెడ వెనక కాలర్‌తో వస్తుంది, నిలకడ నీటిలో మనిషిని వెల్లకిలా తిప్పేలా చేసి ఉంటుంది. పిల్లలకి వాళ్ల బరువుకి తగ్గదే కొనాలి, పెరుగుతారులే అని పెద్దది కొనకూడదు. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది వదులు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే పిల్లలకి తప్పక బిగించండి. చీర మీద వేసుకోవడం మొదట్లో నాకూ ఇబ్బందిగానే అనిపించింది. కొంగు లోపలికి దోపి, జాకెట్ పైన వేసి, మూడు బకిల్సూ పెడితే ఒక నిమిషం పని. మా బడి పిల్లలు నన్ను చూసి వేసుకుంటున్నారు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 దాటితే రెండోది, 17 దాటితే మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు మా వీధిలోకి పడవ వచ్చింది. ఆ అనుభవంతో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మొదటి హెచ్చరిక వినగానే జాకెట్లు అటక దిగి గుమ్మం పక్కకి వస్తాయి. పలక మాత్రం అటకెక్కుతుంది, మళ్లీ వేసవికే.

వరండాలో ఏడాది పొడుగునా వేలాడేది ఒకే ఒక్క నూనె డబ్బా. దానికి 15 మీటర్ల తాడు కట్టి ఉంటుంది, లోపల గ్లాసుడు నీళ్లు పోసి మూత గట్టిగా బిగించాను. పూర్తిగా ఖాళీ డబ్బాని విసిరితే గాలికి పక్కకి పోతుంది, కాస్త నీరు ఉంటే అనుకున్న చోట పడుతుంది. ఎవరైనా మునుగుతుంటే ఈత రాని నేను దూకి చేసేది ఏమీ లేదు. తాడు కొస కాలి కింద తొక్కిపట్టి, డబ్బాని వాళ్ల తల దాటించి విసిరి, మెల్లగా లాక్కోవాలి. ఆదివారాలు పెరట్లో పిల్లలూ నేనూ కొబ్బరి చెట్టుని గురి పెట్టి విసురుతుంటాం. మా చిన్నది ఇప్పుడు 8 మీటర్లు వేస్తోంది.