వినైల్ ఫ్లోర్ లేచిన గొడవల్లో తేమ ప్రోబ్ ఎంతవరకు నిలబడుతుంది? ఏళ్ల వాడకం తర్వాత

ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో వినైల్ ఉబ్బినా, అతుకుల దగ్గర లేచినా ముందు వినిపించే మాట "స్లాబులో తేమ ఉంది". వేసినవాళ్లు బిల్డర్ని అంటారు, బిల్డర్ గమ్మును అంటాడు. ఇలాంటి తగాదాల్లో స్లాబుకు రంధ్రం వేసి దించే ఆర్‌హెచ్ (సాపేక్ష తేమ శాతం) ప్రోబును చాలాకాలంగా వాడుతున్నాను. పరికరం నమ్మదగినదే, కానీ దానికి తెలిసింది ఒక్క తేమ సంగతే.

నేలకు ఆనించే చేతి మీటరు వేరు. పైపైనే ఇనుప జాలి ఉంటే ఆరిన చోట కూడా ఎక్కువ చూపిస్తుంది. రంధ్రం ఎక్కడ వేయాలో వెతుక్కోవడానికి చాలు. దాని ఫొటో ఒక్కటే అంటించిన నిపుణుల నివేదిక ఎదుటి లాయరు రెండో ప్రశ్నకే కూలుతుంది.

ప్రోబుతో కొలిచే పద్ధతికి ప్రమాణం ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఎఫ్2170. నేల మీద పోసిన స్లాబు ఒకవైపే ఆరుతుంది కాబట్టి మందంలో 40 శాతం లోతు కావాలి, 150 మి.మీ. స్లాబుకు 60 మి.మీ. అన్నమాట. రెండువైపులా ఆరేదానికి 20 శాతం. మొదటి 1,000 చదరపు అడుగులకు 3 రంధ్రాలు, ఆపై ప్రతి వెయ్యికి ఒకటి. నీళ్లు తగలకుండా డ్రిల్ చేసి, దుమ్మంతా లాగేసి, స్లీవ్ (రంధ్రంలో కూర్చునే గొట్టం) దించి మూత పెట్టి 24 గంటలు ఆగాలి. స్లాబులో కరెంటు పైపులు ఎక్కడ పోతున్నాయో ముందే చూసుకోండి.

మన దగ్గర ఎక్కువగా చెడేది ఏసీ దగ్గర. హాలు వాడుకలో ఉండే వేడికి, తేమకు కనీసం 48 గంటల ముందే రావాలి. కరెంటు కనెక్షన్ రాని హాలులో తీసిన రీడింగు దండగ. సెన్సరు మీద అనుమానమొస్తే ఉప్పు కరగకుండా మిగిలేంత చిక్కటి ఉప్పునీళ్ల పైన, మూసిన డబ్బాలో ఉంచండి. 75 శాతం దగ్గర నిలవాలి.

అసలు చిక్కు, నేటి రీడింగు వినైల్ వేసిన రోజు తేమను చెప్పదు. ఆ రోజు తీసిన రీడింగు కాగితం లేకపోతే ఊడదీసిన ముక్కే మెరుగైన సాక్షి. గమ్ము గీతలు నలగకుండా నిలిచే ఉండి, వినైల్ వెనక మరక లేకపోతే గమ్ము ఆరిపోయాక పరిచారు, లేదా 45 కిలోల రోలరు తిప్పలేదు. గమ్ముతోపాటు సిమెంటు పొడి లేచొస్తే నేల గీకి శుభ్రం చేయలేదు. గమ్ము జిగటగా, కారిపోయేలా ఉంటేనే తేమనూ క్షారాన్నీ అనుమానించాలి. అప్పుడు ప్రోబు అంకెను ఆ గమ్ము డేటాషీటు పరిమితితో పోల్చాలి. ఒక గమ్ముకు 75 శాతం అయితే ఇంకోదానికి 85 ఉంటుంది. ఏ గమ్ము వాడారో రాయకుండా "85 వచ్చింది, ఎక్కువే" అనే నిపుణుడికి ఫీజు ఇవ్వకండి.

కోయబోయే ముందు ఎదుటి పక్షానికి నోటీసు ఇచ్చి, ముక్కలను సీలు వేసి ఉంచండి. వ్యాపారం కోసం చేయించిన పని మామూలుగా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు. సివిల్ దావాలో అయితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 26 రూల్ 9 కింద, చోటుకొచ్చి చూసి నివేదిక ఇచ్చే కమిషనర్‌ను నియమించమని కోర్టును అడగవచ్చు. కమిషనర్ వచ్చేలోపు పాత వినైల్ పీకేసి కొత్తది వేసేసిన చోట ప్రోబు చేయగలిగిందేమీ లేదు.