ఎషు సరుకంతా ఒకే చోట: రియో నగరపు మదురేరా బజారు

రియో డి జనైరోకు వెళ్లినవారిలో చాలామంది సముద్రతీరమూ కొండమీది క్రీస్తు విగ్రహమూ చూసి తిరిగి వస్తారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారి మతాల గురించి తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం, నగరం ఉత్తర భాగంలో ఉన్న మదురేరా బజారునే నేను ముందుగా సూచిస్తాను. 1959లో ఇప్పటి చోట మొదలై, 2000 జనవరిలో అగ్నిప్రమాదానికి గురై, మరుసటి ఏడాది మళ్లీ తెరుచుకున్న ఈ బజారులో ఐదు వందలకు పైగా దుకాణాలున్నాయి. వాటిలో ప్లాస్టిక్ సామాను, మిఠాయిలు, పుట్టినరోజు అలంకరణలు అమ్మేవీ ఉన్నాయి గానీ, దీనికి పేరు తెచ్చినవి కాందోంబ్లే, ఉంబాందా అనే ఆఫ్రికా మూలాలున్న మతాల పూజాసామగ్రి దుకాణాలే.

వాటిలోనూ నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఎషు సరుకు ఉన్న అరలు. పశ్చిమాఫ్రికాలోని యోరుబా ప్రజలు కొలిచే ఎషు కూడళ్లకు అధిపతి, దేవతలకూ మనుషులకూ మధ్య వార్తాహరుడు, పైగా గడుసరి. ‘ఈరోజు విసిరిన రాయితో నిన్ననే పిట్టను కొట్టాడు’ అని అతని గురించి ఒక నానుడి. క్యూబాలో ఇతన్ని ఎలెగ్వా అంటారు. హైతీలోని వోడూ మతంలో ఇదే బాధ్యత, ఆఫ్రికాలో యోరుబాల పొరుగున ఉన్న ఫాన్ ప్రజల నుంచి వచ్చిన లెగ్బాది. పేర్లూ రూపాలూ ఎలా మారినా, ద్వారం తెరవవలసిన ఇతనికి ముందుగా ముట్టజెప్పనిదే మిగతా దేవతలకు పిలుపు అందదన్న నమ్మకం అన్నిచోట్లా ఉంది.

ఆ ముట్టజెప్పవలసినదంతా ఇక్కడ ఒకే వరుసలో దొరుకుతుంది. వెడల్పాటి మట్టి మూకుళ్లు, కర్రపెండలం పిండి, చిక్కటి ఎర్ర పామాయిల్ సీసాలు, చెరకు సారా, చుట్టలు, సగం ఎరుపూ సగం నలుపూ ఉన్న కొవ్వొత్తులు పక్కపక్కనే పేర్చి ఉంటాయి. పిండిని ఆ నూనెతో కలిపి మూకుట్లో పెడితే అదే ‘పాదే’, ఎషుకు పెట్టే తొలి భోజనం. మన ఊళ్లలో కూడలిలో పడి ఉన్న దిష్టి నిమ్మకాయను చూసి పక్కకు తప్పుకుని నడిచే మనకు ఇది కూడా అలాంటిదేనని అనిపించవచ్చు కానీ, అక్కడి కూడళ్లలో వదిలేది వదిలించుకోవలసిన కీడును కాదు, పెద్దమనిషికి వడ్డించిన విస్తరిని.

ఇనుప వస్తువుల దుకాణం ఈ బజారులో నాకు అన్నిటికన్నా నచ్చింది. అక్కడి మూడు మొనల ఇనుప శూలాలను దగ్గరగా చూస్తే, కొన్నిటి కొమ్మలు లంబకోణంలో వంగి ఉంటాయి, కొన్నిటివి గుండ్రంగా తిరిగి ఉంటాయి. మొదటివి ఎషుకు, రెండోవి అతని స్త్రీరూపంగా ఉంబాందాలో కొలిచే పొంబాజీరాకు. కూడళ్లలోనూ ఇదే తేడా పాటిస్తారు: నాలుగు దారులు కలిసేది అతనిది, మూడు దారులు కలిసేది ఆమెది. అతుకు వేసిన చోట గరుకు అలాగే మిగిలిన ఆ శూలాలను చూశాక అచ్చులో పోసిన బొమ్మలు చప్పగా కనిపిస్తాయి.

నా అభ్యంతరమల్లా ఆ బొమ్మల మీదే. ఎర్రటి ఒళ్లు, కొమ్ములు, తోకతో వరుసగా నిలబడిన ప్లాస్టర్ ఎషులు నిజానికి క్రైస్తవ మతప్రచారకులు ఇతన్ని సైతానుగా చిత్రించిన ఫలితం. ఉంబాందా భక్తులలో చాలామంది ఆ కొమ్ములను తమదైన అర్థంతో స్వీకరించారన్నది నిజమే, వారి ఇష్టాన్ని కాదనడానికి నేనెవరిని? అయినా, ఏమీ తెలియకుండా వచ్చిన కొత్తవారి కళ్లు మొదట పడేది వీటిమీదే కాబట్టి, పాత అపవాదే మరోసారి బలపడుతుంది. 2022 కార్నివాల్‌లో ఎషునే ఇతివృత్తంగా తీసుకుని గ్రాంజి రియో సాంబా బృందం తన తొలి విజేత పట్టం గెలుచుకున్నది ఆ అపవాదును ఎదిరిస్తూనే. తెల్ల సూటు, ఎర్ర టై, టోపీతో కూడలి రసికుడిలా నిలబడే, ఉంబాందాలో కొలిచే జే పెలింత్రా బొమ్మలు మాత్రం ఆ కొమ్ముల వరుసలో ఊరటగా ఉంటాయి.

మేకలనూ కోళ్లనూ ప్రాణాలతో అమ్మే భాగం కూడా ఉంది; చూడలేనివారు అటు వెళ్లకపోవడమే మంచిది. ఈ మతాలలో జంతుబలి రాజ్యాంగబద్ధమేనని బ్రెజిల్ సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది కాబట్టి అక్కడ దాపరికమేమీ లేదు. నగరం నడిబొడ్డు నుంచి లోకల్ రైలు ఉంది, బజారు పేరుతోనే స్టేషనూ ఉంది. నాలుగు పోర్చుగీసు ముక్కలు రాకపోతే బేరం కష్టమే; ఫొటో తీసే ముందు అడగాలి. జ్ఞాపకంగా ఏదైనా తెచ్చుకోదలిస్తే ఎరుపు నలుపు పూసల దండ తీసుకోవచ్చు, ఎందుకంటే పూజాగృహంలో మూలికల నీటితో కడిగి ఇచ్చేంతవరకు అది వట్టి పూసలే. పామాయిల్ సీసా కొంటే మాత్రం రెండు కవర్లలో చుట్టి పెట్టెలో పెట్టండి. ఆ ఎరుపు బట్టకు అంటితే వదలదు.