పాత టీవీ గుజరీకా, రీసైక్లింగ్ సంస్థకా: ఏది మేలు?

బెంగళూరు విజయనగరలోని మా ఇంటి అటకమీద ఏళ్ల తరబడి పడి ఉన్న పిక్చర్ ట్యూబు టీవీని ఈ మధ్య కిందికి దించాము. వీధి చివర పాత సామాను కొనే గుజరీ అంగడికి వేస్తే అప్పటికప్పుడు డబ్బు చేతికొస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకు ఇద్దామంటే ఒక్క టీవీ కోసం బండి పంపరు, పంపినా ముట్టేది తక్కువ. రాబడి ఒక్కటే చూస్తే గుజరీ వైపే మొగ్గాలి.

అయితే గుజరీలో దాని గతి ఏమవుతుందో నేను ఒకసారి దగ్గరుండి చూశాను. అంతకుముందు అమ్మిన కంప్యూటర్ మానిటరు వెనుక మూత విప్పి, ట్యూబు మెడకు చుట్టి ఉన్న రాగితీగ చుట్టను లాగేసి, మిగిలిన గాజును మురుగుకాలువ గట్టున పడేశారు. "ట్యూబుతో మాకేం పని అన్నా, రాగి వస్తే చాలు" అన్నాడు అక్కడి కుర్రవాడు. ఆ గాజులో గరాటులా ఉండే వెనుక భాగం బరువులో ఐదో వంతుకు పైగా లెడ్ ఆక్సైడే, అంటే సీసం కలిసిన పదార్థమే. అది పగిలి పొడి అయితే ఆ సీసం దుమ్ములో, మట్టిలో కలుస్తుంది.

సర్క్యూట్ బోర్డుల పని ఇంకా ప్రమాదకరం. పాత బోర్డులకు వేసిన టంకంలో సాధారణంగా 37 శాతం వరకు సీసం ఉంటుంది. చిప్పులు ఊడటానికి బోర్డును పొయ్యిమీద కాల్చినప్పుడు ఆ పొగను పీల్చేది కూలి మనిషే. బంగారం కోసం ఆసిడ్‌లో నానబెట్టాక, రాగి, సీసం కరిగిన ఆ ద్రవం కాలువలోకే పోతుంది. బెంగళూరులో ఇలాంటి పనులు జరిగే చోట మట్టిని పరీక్షించి 2009లో వెలువరించిన ఒక అధ్యయనంలో సీసం, కాడ్మియం, పాదరసం వంటి లోహాలు మామూలు చోట్లకంటే ఎక్కువగా తేలాయి. నోటి ద్వారా లోపలికి వెళ్లిన సీసాన్ని పసిపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అంగళ్ల పైనా వెనుకా కాపురాలున్నాయని, అక్కడి పిల్లలు ఆ మట్టిలోనే ఆడుకుంటున్నారని తలచుకుంటే నాకు మనసు ఒప్పదు.

అనుమతి ఉన్న సంస్థల్లో విడదీత పని మూసిన యంత్రాల్లో, దుమ్మును పట్టే ఏర్పాట్ల మధ్య జరగాలి. దేశంలో ప్రభుత్వ అనుమతి పొందిన తొలి ఈ-వ్యర్థాల (పాత ఎలక్ట్రానిక్ సామాన్ల) రీసైక్లింగ్ సంస్థ ఈ-పరిసర 2005లో మన నగర శివార్లలోని దాబస్‌పేటలోనే మొదలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, పాతబడిన వస్తువుల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులే మోయాలి. లోపమల్లా, ఇంటింటికీ వచ్చి ఒక్కొక్క వస్తువును తీసుకెళ్లే శక్తి ఈ రీసైక్లింగ్ సంస్థలకు లేకపోవడమే.

ఆ శక్తి గుజరీ వారికి ఉంది. ఏ వీధిలో ఏ ఇంట ఏమి మూలపడి ఉందో వారికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. అందుకే గుజరీని తప్పించమనే వాదన నాకు రుచించదు. విషం పుట్టేది సేకరించే చోట కాదు, పగలగొట్టి కాల్చే చోట. సేకరణ వారికి, విడదీత సంస్థకు అన్న పద్ధతే మిగతా రెండింటికంటే మేలు. దుకాణాల ఎక్స్చేంజి ఆఫరు సులువే గానీ, పాత వస్తువు చివరికి ఎవరి చేతికి చేరుతుందో అడిగి తెలుసుకోవాలి. పనిచేస్తున్న వస్తువైతే ఎవరికైనా వాడుకోవడానికి ఇవ్వడం అన్నిటికంటే ఉత్తమం.

మా వీధిలో తొమ్మిది ఇళ్ల వాళ్లం పాత సామానంతా ఒకచోట చేర్చి, ఏదీ విప్పకూడదన్న షరతుతో గుజరీ కుర్రవాడికే మోత కూలి ఇచ్చి, అనుమతి ఉన్న సంస్థ బండికి ఎక్కించాము. విడివిడిగా అమ్ముకుంటే వచ్చేదానికంటే తక్కువే ముట్టింది. మా టీవీకి ఆ కుర్రవాడు పాత దుప్పటి చుట్టి, గాజు చిట్లకుండా బండిలో ఒక మూలకు ఆనించి పెట్టాడు.