సంత్రా తొక్కల పొడితో ముఖలేపనాలు: మా ఇంట్లో ఎవరి చర్మానికి ఏది నిలిచింది

నిమ్మజాతి పండ్లతో ఇంట్లో చేసుకునే ముఖలేపనాల గురించి ఎవరడిగినా నేను తొక్కను వేరుగా, రసాన్ని వేరుగా పెట్టి మాట్లాడతాను. ఎండబెట్టిన సంత్రా తొక్కల పొడిని కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. నిమ్మరసాన్ని మాత్రం మా ఇంట్లో ఎవరి ముఖం దరిదాపులకూ రానివ్వను. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్పష్టంగా కనిపించింది ఒకటే: ఏ చర్మానికి ఏ లేపనం సరిపడుతుందన్నది పండును బట్టి తేలదు, ఆ పొడిని దేనిలో కలుపుతున్నామన్న దాన్ని బట్టి తేలుతుంది. జిడ్డును పీల్చేది మట్టి, పొడిబారిన చర్మాన్ని మెత్తబరిచేది మీగడ, మురికిని వదిలించేది పిండి. తొక్క పొడి వీటికి కొంత తోడ్పాటునూ మంచి వాసననూ ఇస్తుంది. అంతకు మించి దాని నుంచి ఆశించినవారు నిరాశపడతారు.

మేముండేది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో. వార్ధా నది దాటితే రాజురా, అక్కడి నుంచి ఇంకొంత ముందుకు పోతే తెలంగాణ సరిహద్దు. కాగితపు మిల్లులోనో బొగ్గు గనుల్లోనో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. ఈ సంగతి చర్మానికి సంబంధం లేనిది కాదు. వేసవిలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం ఎవరికీ వింతగా అనిపించదు, గాలిలో బొగ్గు ధూళి ఏడాది పొడవునా ఉంటుంది, చలికాలంలో గాలి పొడిగా మారి పెదవులూ బుగ్గలూ పగులుతాయి. సముద్రతీరంలో ఉండేవారి చర్మానికి నప్పిన కొలతలు ఇక్కడివారికి నప్పకపోవడానికి ఇదే కారణం. నేను రాస్తున్నది ఈ ఎండకూ ఈ ధూళికీ తట్టుకున్న అనుభవమని చదివేవారు గుర్తుంచుకోవాలి.

సంత్రా విషయంలో మాత్రం మేము అదృష్టవంతులం. నాగపూర్ సంత్రాకు 2014లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాటోల్, వరుడ్ వైపు తోటల నుంచి వచ్చే కాయ మా బజారులో రెండు విడతలుగా దొరుకుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూసే అంబియా బహార్ పంట దీపావళి తర్వాత ఊపందుకుంటుంది. మృగశిర కార్తె వానలకు పూసే మృగ్ బహార్ పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. నేను పొడికి వాడేది మొదటి పంట తొక్కనే. రెండో పంట కాయ తినడానికి ఇంకా రుచిగా ఉంటుందన్న మాట నిజమే గాని, అప్పటికి ఎండ ముదిరి, తొక్క రంగు మాడిపోయి వాసన త్వరగా పోతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి పొడిగా, ఎండ మెత్తగా ఉంటుంది కనుక నీడలో ఆరబెట్టినా తొక్క బూజు పట్టకుండా ఎండుతుంది.

పొడి చేయడంలో కష్టమేమీ లేదు, ఓపిక మాత్రం కావాలి. కాయను ఒలవకముందే గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి, చేతితో రుద్ది కడగాలి, ఎందుకంటే తోటలో కొట్టిన మందూ, మెరుపు కోసం కొన్ని చోట్ల పూసే మైనమూ తొక్క మీదే ఉంటాయి. ఒలిచిన తరువాత లోపలి తెల్లని పీచును వీలైనంత గీకి తీసేసి, చిన్న ముక్కలు చేసి, పాత నూలుచీర మీద పలచగా పరిచి నీడలో ఉంచాలి. వేళ్ల మధ్య పట్టుకుంటే అప్పడంలా టప్పున విరిగే దాకా ఆగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కితే తొక్కలోని నూనె వాసన మిక్సీ గిన్నెలోనే మిగిలిపోతుంది. ఆ తరువాతి పనిని చాలామంది వదిలేస్తారు గాని అసలు ముఖ్యమైనది అదే: పొడిని పలచని బట్టలో వస్త్రగాళితం పట్టాలి. పిండి జల్లెడలో పట్టి ఊరుకుంటే గరుకు రేణువులు మిగిలి, ముఖం మీద రుద్దినప్పుడు కంటికి కనిపించని గీతలు పడతాయి. బట్టలో మిగిలిన ముతక పొడిని పాదాలకు వాడుకోవచ్చు.

తడి తగలని గాజు సీసాలో పోసి అల్మరాలో, వెలుతురుకు దూరంగా ఉంచితే రెండు మూడు నెలలు బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ కాలం దాచకూడదనడానికి కారణం బూజు ఒక్కటే కాదు. సంత్రా తొక్క నూనెలో తొంభై శాతానికి పైగా ఉండేది లిమొనీన్ అనే పదార్థం. తాజాగా ఉన్నప్పుడు అది చాలామందికి హాని చేయదు గాని, గాలి తగిలి ఆక్సీకరణం చెందిన లిమొనీన్ చర్మానికి అలర్జీ తెప్పించగలదు. సీసా మూత తీయగానే సంత్రా వాసనకు బదులు రంగు డబ్బా వాసన వస్తే ఆ పొడిని ఆలోచించకుండా పారేయాలి.

నా చర్మం నుదురు, ముక్కు, గడ్డం మీద జిడ్డుగా, బుగ్గల మీద మామూలుగా ఉంటుంది. రెండు చెంచాల ముల్తానీ మట్టిలో అర చెంచా తొక్క పొడి వేసి, గులాబీ నీళ్లతో కలిపి జిడ్డు ఉన్న చోట మాత్రమే పూస్తాను. బుగ్గలకు శనగపిండి, పెరుగు, చిటికెడు తొక్క పొడి. ఒకే ముఖానికి రెండు గిన్నెలేమిటని మొదట్లో ఇంట్లోవాళ్లు నవ్వారు గాని, మిశ్రమ చర్మానికి ఒకే లేపనం వేస్తే ఎక్కడో ఒకచోట నష్టం తప్పదు. మట్టి పూర్తిగా ఎండి బీటలు వారే దాకా ఉంచడం మనవాళ్లలో ఉన్న పెద్ద అలవాటు. బిగుసుకుంటే చర్మ రంధ్రాలు మూసుకుపోతున్నాయని అనుకుంటారు. ఆ బిగువు ఎండుతున్న మట్టి ముడుచుకుపోవడం వల్ల వచ్చేదే తప్ప, రంధ్రాలు మూసుకునేదీ లేదు, శాశ్వతంగా చిన్నవయ్యేదీ లేదు. అంచులు రంగు మారడం మొదలుపెట్టగానే, అంటే సుమారు పది నిమిషాలకు, నీళ్లు చిలకరించి మెత్తబరిచి కడిగేయాలి. మా ఎండలకు పనిచేసే మనిషి ముఖం మీద సాయంత్రానికి పేరుకునే జిడ్డు, ధూళి ఈ లేపనంతో నిజంగా పోతాయి. ఆ హాయి మరుసటి రోజు దాకా ఉంటుంది. వారానికి ఒకసారి చాలు. రెండోసారి వేస్తే నాకు ముక్కు పక్కన పొట్టు లేస్తుంది.

మా అత్తమ్మది పూర్తిగా పొడి చర్మం, అందులో వయసు మీద పడింది. ఆమె కోసం మట్టి వేయకుండా శనగపిండితో కలిపినా కుదరలేదు. "మొఖం గుంజినట్టయితున్నది బిడ్డా, కడిగెయ్యి" అని వెంటనే అనేది. చివరికి నిలిచింది పాల మీగడ ఒక చెంచా, తేనె అర చెంచా, తొక్క పొడి గోటితో తీసినంత. తేనె గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది, మీగడలోని వెన్న చర్మం మీద పొరలా నిలుస్తుంది. నిజం చెప్పాలంటే ఇందులో తొక్క పొడి లేకపోయినా ఫలితం అంతే ఉంటుంది. వాసన కోసం ఆమె అడుగుతుంది కనుక వేస్తాను. కడిగిన తరువాత తడి ఆరకముందే కొబ్బరినూనె రెండు చుక్కలు రాయకపోతే, డిసెంబరు గాలికి గంటలోపే మళ్లీ మొదటికి వస్తుంది.

మొటిమలున్న చర్మానికి మాత్రం నేను ఈ పొడిని సిఫారసు చేయను. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి కొన్నాళ్లు వాడింది. మొటిమలు తగ్గలేదు సరికదా, ఉబ్బిన వాటి మీద పొడి రుద్దుకున్నప్పుడల్లా ఎరుపు పెరిగింది. మొటిమ అనేది పైపైన పట్టిన మురికి కాదు. రంధ్రంలో జిడ్డూ మృతకణాలూ పేరుకుని, బాక్టీరియా చేరి వాచిన స్థితి అది, దాన్ని తొక్క పొడి చేరలేదు. చర్మవైద్యులు రాసిన అడాపలీన్ పూత మొదలుపెట్టాక ఆ పిల్లకు ఇంటి లేపనాలన్నీ ఆపేశాను, ఎందుకంటే ఆ మందు వాడుతున్నప్పుడు చర్మం పొడిబారి, పండు ఆమ్లం కాస్త తగిలినా చురచురమంటుంది.

సున్నితమైన చర్మం ఉన్నవారికి ముందుగా పరీక్ష తప్పదు. కలిపిన లేపనాన్ని మోచేతి మడతలో కొద్దిగా పూసి, కడిగేసి, రెండు రోజులు చూడాలి. పది నిమిషాలు చూసి సరేననుకోవడం పరీక్ష కాదు, అలర్జీ దద్దుర్లు సాధారణంగా మరునాడో ఆ మరునాడో బయటపడతాయి. మా ఆడబిడ్డకు అలాగే రెండో రోజున దురద వచ్చింది. ఆమె ఇప్పుడు ఒట్టి పెసరపిండి, పెరుగుతో సరిపెట్టుకుంటోంది, ముఖం మాలో ఎవరికీ తీసిపోకుండా ఉంది.

ఇక నిమ్మరసం సంగతి. నిమ్మరసం పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2 చుట్టూ ఉంటుంది. మన చర్మం పైపొర పీహెచ్ 5కు దగ్గర. ఈ కొలమానంలో ఒక్కో అంకె తేడా అంటే పది రెట్లు కనుక, ఇది చిన్న తేడా కాదు. నీళ్లు కలిపితే మంట తగ్గుతుంది నిజమే. కాని అసలు చిక్కు మంటతో రాదు. నిమ్మకాయలో, ముఖ్యంగా దాని తొక్కలో, ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి అంటిన చర్మం మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే కాలిన గాయం లాంటిది ఏర్పడుతుంది. అది వెంటనే కనిపించదు, రెండు మూడు రోజులకు ఎర్రబడి, బొబ్బలెక్కి, ఆ తరువాత వారాలు, ఒక్కోసారి నెలల పాటు గోధుమ రంగు మచ్చలుగా మిగులుతుంది. మే నెల పెళ్లిళ్లలో షర్బత్ కోసం పందిరి బయట కూర్చుని నిమ్మకాయలు పిండినవారి చేతుల మీద అలాంటి చారలు మా బంధువుల్లో చూశాను. వేడినీళ్లు పడ్డాయేమోనని అందరూ అనుకున్నారు. తెల్లబడాలని రాసుకున్నదే నల్లమచ్చ తెస్తుందంటే చాలామంది నమ్మరు, మచ్చ వచ్చే సమయానికి నిమ్మకాయ సంగతి మరిచిపోతారు గనుక. మంగు మచ్చలున్న ఆడవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఏ రకమైన మంట కలిగినా, ఎండ తగిలినా మంగు ముదురుతుంది. సంత్రాలో ఈ పదార్థాలు నిమ్మకన్నా చాలా తక్కువ. అయినా నేను లేపనాన్ని రాత్రిపూటే వేస్తాను, మరునాడు బయటికి వెళ్లాల్సి వస్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాస్తాను.

ఇదే చోట సున్నిపిండి గురించి కూడా ఒక మాట అనాలి. మన ఇళ్లలో నలుగు కోసం కొట్టించే పిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు అనే గింజలు వేసే అలవాటుంది. బావంచాల్లో ఉండే సొరాలెన్ కూడా ఆ ఫ్యూరనోకౌమరిన్ల జాతిదే. బొల్లికి ఎండతో కలిపి చేసే చికిత్సలో వాడేది అలాంటి పదార్థాన్నే. నలుగు పెట్టి వెంటనే స్నానం చేసేస్తాం కనుక పిల్లలకు ఏమీ కాలేదనుకుంటాను గాని, అదే పిండిని నిమ్మరసంతో కలిపి ముఖానికి పట్టించి ఎండలో కూర్చోవడం నేను ఒప్పుకోను.

విటమిన్ సి కోసం ఈ లేపనాలు వేసుకుంటున్నామనేవారికి ఒక లెక్క. నూరు గ్రాముల నారింజ రసంలో విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే 0.05 శాతం. చర్మం కోసం దుకాణాల్లో అమ్మే విటమిన్ సి సీరమ్‌లలో అది సాధారణంగా 10 నుంచి 20 శాతం ఉంటుంది, పైగా చర్మంలోకి ఇంకేలా దాని ఆమ్లత్వాన్ని సరిచేస్తారు. ఎండబెట్టినప్పుడు, గాలి తగిలినప్పుడు ఆ విటమిన్ మరికొంత నశిస్తుంది. కాబట్టి కడిగిన వెంటనే అద్దంలో కనిపించే నిగారింపు జిడ్డూ మృతకణాలూ పోవడం వల్ల, చర్మం కొంత తడి పీల్చుకోవడం వల్ల వచ్చినదే. ఇన్నేళ్లలో నా రంగు మారలేదు, పాత మచ్చ ఒక్కటీ పలచబడలేదు. రంగు మారుతుందని ఎవరైనా మాటిస్తే వారు ఏదో అమ్ముతున్నారని అనుకోవచ్చు. వంటసోడా, నిమ్మరసం కలిపి రుద్దమనే సలహా అన్నిటికన్నా చెడ్డది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, కొలత ఎటు తప్పినా దెబ్బ తినేది చర్మమే.

వేసవిలో సంత్రా ఉండదు కనుక బత్తాయి తొక్కతో ప్రయత్నించాను. ఆ తొక్క మందం, ఎండడం ఆలస్యం, వాసన కూడా అంత ఉండదు, శ్రమకు తగినది కాదనిపించింది. బజారులో దొరికే పొట్లాల పొడిని కూడా వాడి చూశాను. కొన్నిటిలో పరిమళం, రంగు కలుపుతారు. పొట్లం వెనుక పదార్థాల వరుసలో సంత్రా తొక్క ఒక్కటే ఉంటే కొనవచ్చు, తయారైన తేదీ ఆరు నెలలు దాటితే వద్దు. తెచ్చాక చిటికెడు పొడిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇసుకలా తగిలితే ముఖానికి వాడకుండా మళ్లీ బట్టలో జల్లించాలి.