పినకిల్స్ కొండల్లో కాండోర్ల కోసం రెండు రాత్రులు

కాలిఫోర్నియాలో శాన్ హోసే పరిసరాల్లో ఉండే తెలుగువారు కళేబరాలు తిని బతికే భారీ రాబందు, స్వేచ్ఛగా ఎగిరే కాండోర్‌ను చూడాలంటే హాలిస్టర్ మీదుగా రెండు గంటల లోపే పినకిల్స్ జాతీయ పార్కు తూర్పు ద్వారం చేరుకోవచ్చు. అయితే ఏ ద్వారం నుంచి వెళ్లాము, రాత్రి ఎక్కడ బస చేశాము అన్నవాటి మీదే ఆ పక్షి దర్శనం చాలావరకు ఆధారపడి ఉంటుందని రెండోసారి వెళ్లాక గాని నాకు తెలియలేదు.

మొదటిసారి సోలెడాడ్‌లోని ఒక మోటెల్‌లో దిగి, పడమటి ద్వారం నుంచి మిట్టమధ్యాహ్నం వేళ లోపలికి వెళ్లాము. గది బాగానే ఉంది గాని, ఆ వేళకు మాకు కనిపించినవన్నీ కాండోర్ల కన్నా చిన్నవైన టర్కీ రాబందులే. పార్కు రెండు వైపులనూ కలిపే రోడ్డు లేదు కనుక అప్పటికప్పుడు తూర్పు వైపుకు మారే వీలూ లేకపోయింది.

ఈ మార్చిలో తూర్పు వైపు క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులకు ముందే రిజర్వు చేసుకున్నాము. నీళ్లు, స్నానపు గదులు, చిన్న దుకాణం ఉన్నాయి; ఫోన్ సిగ్నల్ మాత్రం దాదాపు లేదు. పొద్దు వాలేవేళ ఆగ్నేయాన ఉన్న కొండగట్టు మీదికి కాండోర్లు ఒక్కొక్కటే వచ్చి వాలసాగాయి. తల ఇంకా నల్లగా ఉన్న పిల్లపక్షి ఒకటి కూర్చున్న కొమ్మ దగ్గరకు నారింజ రంగు తల గల పెద్దపక్షి రాగానే, అది పోట్లాట లేకుండా పక్కకు జరిగి చోటిచ్చింది. తెల్లవారాక అవి రెక్కలు బార్లా చాపి ఎండకు కాచుకుంటూ, రాళ్లు వేడెక్కి గాలి పైకి లేచేదాకా కదలలేదు. ఇంత ఓపికగా చూసే అవకాశం మోటెల్ బసలో దొరకదు.

గాలిలో గుర్తుపట్టడం కష్టం కాదు. టర్కీ రాబందు రెక్కలను కాస్త పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ పోతుంది. దాదాపు తొమ్మిదిన్నర అడుగుల రెక్కల విస్తీర్ణం గల కాండోర్ పలకలా నిలకడగా సాగుతుంది, పెద్దపక్షి రెక్కల అడుగున ముందువైపు తెల్లని త్రికోణం కనిపిస్తుంది. రెక్కల మీది అంకెల ట్యాగులు చూసినప్పుడు నాకు మనసు బరువెక్కింది. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి సంరక్షణలోకి తీసుకున్నప్పుడు ఈ జాతిలో ఉన్నవి 27 మాత్రమే. అలా సంరక్షణలో పెంచిన పక్షులనే ఇక్కడ 2003 నుంచి వదులుతున్నారు. వేటాడిన జంతువుల కళేబరాల్లో మిగిలే సీసపు తూటా ముక్కలే నేటికీ వీటికి ప్రధాన మృత్యుకారణం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మన రాబందులను తుడిచిపెట్టిన తీరు గుర్తుకు రాక మానదు.

సముద్రపు ఒడ్డున బిగ్ సర్‌లోనూ కాండోర్లు కనిపిస్తాయి, దృశ్యం ఇంకా అందమైనది. కాని బస ఖరీదు, మంచు కమ్మడం, కొండచరియలు పడి రోడ్డు మూతపడడం దృష్ట్యా పినకిల్స్‌కే నా ఓటు. వేసవిలో ఇక్కడ ఎండ 38 డిగ్రీలు దాటుతుంది కనుక వసంతంలో వెళ్లడం మేలు.

రెండో ఉదయం, రాతిలో చెక్కిన మెట్లూ ఇనుప కమ్మీలూ పట్టుకుని హై పీక్స్ దారి ఎక్కాము. కాండోర్‌కు స్వరపేటిక లేదు, అది కూయదు. పైన మలుపు తిరుగుతుండగా ఒకటి మా తలల మీదుగా అతి దగ్గరగా సాగిపోయినప్పుడు, దాని ఈకల మధ్య నుంచి గాలి దూసుకుపోయే చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది.